చదివే లైను

రెండు కంప్యూటర్ల మధ్య మాటలు నడిపే సాకెట్ ప్రోగ్రామింగ్ నేర్చుకోమని ఆఫీసు మమ్మల్ని క్లాసులో కూర్చోబెట్టింది. నాకు జోడీ మా మేనేజరు. పొద్దుటి నుంచీ ఆయన్ని రేపటికి సెలవు అడగబోతున్నాను. మాట పూర్తి కానివ్వడు.

“సెలవు సంగతి తర్వాత. నా మెసేజీలు అందుతున్నాయా?”

“అందుతున్నాయండీ. జవాబు కూడా పంపాను.”

“ఏదీ, రాలేదే?”

పాఠం చెప్పే అమ్మాయి ఆయన ప్రోగ్రాం చూసింది. “సార్, పంపడం ఒక్కటే రాశారు. అవతలివాళ్లు చెప్పేది చదివే లైనే లేదు.”

“అదీ నేనే రాయాలా?”

ఆ అమ్మాయే రాసిపెట్టింది. ఆయన తెరమీద నా జవాబు కనిపించింది: “నా భార్య పోయి రేపటికి ఏడాది. సెలవు ఇప్పించండి.”

ఆయన నావైపు తిరిగాడు.

“ఇంత మాట నోటితో చెప్పొచ్చు కదండీ” అన్నాడు.