మర లేని మూతి

పెద్ద స్టీలు డేగిశాను పైడిరాజు హార్డ్‌వేర్ షాపు కౌంటరు మీద దబ్బున దించాడు ఉమామహేష్.

"ఎవడు చేశాడో గానీ బుర్ర తక్కువ వెధవ. కుళాయి మూతికి బయట మర కోశాడు, లోపల మరిచిపోయాడు. గొట్టం దేనికి బిగించాలి, వాడి నెత్తికా?"

పైడిరాజు నవ్వాడు. ఉమామహేష్ బచేలి గనుల్లో పైపుల ఫోర్‌మన్. ఆయన మాటకి నవ్వకపోతే బేరం పోతుంది.

ఇంట్లో బీరు కాయడం ఉమామహేష్‌కి రెండేళ్ల పిచ్చి. అడుగున మడ్డి కదలకుండా పైతేట మాత్రమే కుళాయిలోకి రావాలంటే డేగిశా లోపల ఒక వంపు గొట్టం ఉండాలి. పాత డేగిశాలో దాన్ని వెల్డింగ్‌తో అతికించేశాడు. ఊడదు, కడగడం కుదరదు. మడ్డి గొట్టంలోనే కుళ్లి మూడుసార్లు బీరు కంపుకొట్టింది.

"నాలుగోసారీ కంపుకొడితే సామానంతా తుక్కు కొనే కబాడీవాడికే" అని భార్య రాజ్యశ్రీ తేల్చేసింది.

అందుకే పక్క జిల్లా బీజాపూర్ సంతలో భీమా అనే సామాన్ల వ్యాపారి దగ్గర ఈ డేగిశా కొన్నాడు. మర లేనిది అంటగట్టావని నిన్ననే ఫోన్‌లో అతన్ని దులిపేశాడు. రేపు పైడిరాజు షాపులో మర కోయించుకుంటానని చెప్పి పెట్టేశాడు.

"మర కోసే సెట్టు తియ్యవయ్యా."

"కొయ్యొద్దు సారూ."

వెనక్కి తిరిగి చూశాడు. దుమ్ము కొట్టుకుపోయిన చీర, చంకలో గుడ్డ సంచీ, మోచేతుల దాకా నల్లటి మచ్చలు. నలభై ఏళ్ల ఆడమనిషి.

ఆమె వచ్చి మూతిలో వేలు పెట్టింది.

"ఈడ గాడి ఉంది చూడు. దీంట్ల రబ్బరు రింగు కూసుంటది. గొట్టం చేత్తో నెడితే పోతది, చేత్తో గుంజితే వస్తది. ఇంక మర ఏంది?"

"చెయ్యి తియ్యి ముందు. ఆ మచ్చలేంటి, అంటుకుంటాయా?"

ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది.

"ముప్పై ఏళ్లుగా పైపులు బిగిస్తున్నాను నేను. చేత్తో ఊడేదాన్ని జాయింటంటారా? నా జాయింటు ఊడిందన్నవాడు ఈ ఊళ్లో లేడు."

"ఊడాలెనని చేసిన జాయింటు సారూ ఇది."

పైడిరాజు నవ్వబోయి దగ్గాడు. ఉమామహేష్‌కి ఒళ్లు మండింది. అసలే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

ఆమె సంచీ ముడి విప్పబోయింది. పాత గుడ్డలోంచి స్టీలు తళుక్కుమంది.

"ఓహో, పాత సామాను అమ్ముకోవడానికా ఈ పాఠం? కబాడీ కొట్టు ఆ చౌరస్తాలో ఉంది, పో."

"అమ్మనీకి కాదు సారూ, నేను..."

"పైడిరాజూ, దీన్ని పంపిస్తావా, నన్ను వేరే షాపుకి పొమ్మంటావా?"

పైడిరాజు కౌంటరు దాటి వచ్చాడు. "జావో బాయీ, జావో."

ఆమె ముడి మళ్లీ వేసుకుంది.

"అడగనోళ్లకు చెప్పబోవుడు నాదే తప్పు" అని బస్టాండు వైపు నడిచింది.

మర కోశారు. ఎల్బో పెట్టి, టేపు చుట్టి, ఉమామహేష్ బలమంతా ఉపయోగించి గొట్టం బిగించాడు. నీళ్లు పోసి చూస్తే చుక్క కారలేదు.

సాయంత్రం మొదటి కాపు దించి కుళాయి తిప్పాడు. సగంలోనే మడ్డి అడ్డుపడి ధార ఆగిపోయింది. గొట్టం విప్పబోతే కదలలేదు. పెద్ద పానా పట్టి తిప్పాడు. టక్కుమని మూతి నిలువునా చీలింది.

రాజ్యశ్రీ గుమ్మంలోంచి చూసింది. "కబాడీవాడికి ఫోన్ చెయ్యనా?"

అతను వంగి చూశాడు. చీలిన మూతిలో మర తినేయగా మిగిలిన గాడి కనిపిస్తోంది. వెంట్రుకవాసి తేడా లేదు. ముప్పై ఏళ్లలో తన చేత్తో అంత నున్నగా ఒక్క గాడీ తియ్యలేదు. బుర్ర తక్కువ వెధవ ఎవరో అతనికి ఇప్పుడు తెలిసింది, సిగ్గేసింది.

ఫోన్ మోగింది. భీమా.

"గొట్టం అందిందా సారూ? డేగిశాతోటి ఇచ్చుడు నేనే మరిచిన. మీరు మర కోస్తరని చెప్పంగనే, కోయనీయొద్దని మాసే అనే ఆమె గొట్టం పట్టుకొని మరైగూడ ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చేతుల నిండ వెల్డింగ్ మచ్చలుంటయి గదా, మీరు పైపుల పనోళ్లు, చూడంగనే తెలిసే ఉంటది, ఆ డేగిశా చేసింది ఆమెనే అని."