తొంభై ఆరు శాతం

"పట్టీ వంద దాకా నిండాక ఏం చూపించాలి సార్?"

హైందవి ప్రశ్నకి రఘురామ్ కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "వంద దాకా ఎందుకు నిండుతుంది?"

"రోజుకి కొంత పెరిగేలా పెట్టాం కదండీ. ముందు చేరినవాళ్ళకి తొంభై ఆరుకి వచ్చేసింది. ఇంకో వారంలో నిండిపోతుంది."

"అయితే ఇంకో పట్టీ పెట్టమ్మా. రెండో దశ పరిశీలన అని రాయి. రంగు మార్చు. నీకు నేను చెప్పాలా ఏంటి?"

చెప్పక్కర్లేదు. ఏ రంగుకి ఏ మనిషి ఎలా లొంగుతాడో ఆమెకి తెలుసు. ఆ తెలియడంతోనే అలసిపోయింది.

పంజగుట్టలో రఘురామ్ నడిపే ఉద్యోగాల కన్సల్టెన్సీలో ఆమె వెబ్‌సైట్ డిజైనర్. మాంద్యం వచ్చి ఆర్నెల్లుగా కంపెనీలు ఎవర్నీ తీసుకోవడం లేదు. అమీర్‌పేటలో కోర్సులు పూర్తి చేసి ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో పడివున్నవాళ్ళు రోజూ వచ్చి, "మా రెజ్యూమె ఎక్కడిదాకా వచ్చింది?" అంటూ కౌంటర్ అద్దం మీద బాదేవాళ్ళు. ఒకనాడు అద్దం పగిలింది. ఆ మర్నాడే ఏదో ఒకటి చెయ్యమన్నాడు రఘురామ్.

ఆమె చేసింది. పేరు కొడితే చాలు, తెర మీద ఆకుపచ్చ పట్టీ కనిపిస్తుంది. అది సున్నా దగ్గర మొదలవదు, పన్నెండు దగ్గర మొదలవుతుంది. కొంత దూరం వచ్చేశాననుకున్నవాడు వెనక్కి తిరగడు. మొదటి వారం చకచకా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. లోపలెవరో పని చేస్తున్నట్టు చివర్లో చిన్న మెరుపు కూడా పెట్టింది. లోపల ఎవరూ లేరు. ఒక్క రెజ్యూమె కూడా ఎక్కడికీ కదల్లేదు.

అయినా బాదడం ఆగిపోయింది. హాల్లో పెట్టిన రెండు కంప్యూటర్ల ముందు వరసగా నిలబడి, ఎవరి పట్టీ వాళ్ళు చూసుకుని, బుద్ధిగా వెళ్ళిపోతున్నారు.

ఆమె హాల్లోకి వచ్చేసరికి ఓంప్రకాష్ ఎదురయ్యాడు. సిరిసిల్లలో మరమగ్గం వదిలిపెట్టి, ముప్పై దాటాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్న మనిషి. మూడు నెలలుగా రోజూ పదకొండింటికి వస్తాడు.

"తొంభై ఆరు మేడం," అన్నాడు నవ్వుతూ. "నిన్న తొంభై అయిదున్నర ఉండె."

ఆ నవ్వు ఆమె తట్టుకోలేకపోయింది. "టీ తాగుదాం రండి," అంది.

కిందికి దిగి, రోడ్డు పక్క టీ కొట్టు ముందు నిలబడ్డారు. బస్సుల హోరు. హైందవి గ్లాసు పట్టుకుందే గాని తాగలేదు.

"ఓంప్రకాష్ గారూ, ఆ పట్టీ అబద్ధం. మీ రెజ్యూమె ఏ కంపెనీకీ వెళ్ళలేదు. మీరంతా గొడవ చెయ్యకుండా ఉండడానికి నేనే అలా తయారుచేశాను. ఇంక ఎదురుచూడొద్దు, వేరే దారి చూసుకోండి. నేను చెప్పానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. పోతే పోనివ్వండి."

తిడతాడనుకుంది. గ్లాసు విసిరికొట్టినా పడాలనుకుంది. అతను చివరి గుక్క తాగి, గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఎరుకే మేడం."

"ఏంటి?"

"నేను నేర్చుకున్నదే తప్పులు పట్టుడు గద. రెండో దినమే మీ హాల్ల కంప్యూటర్ల తారీఖు వారం ముందటికి జరిపి చూసిన. పట్టీ సుత జరిగింది. తారీఖు ఎనుకకు తెస్తే గది సుత ఎనుకకొచ్చింది."

మూడు నెలల్లో ఆ లోపం ఆమె కంటికే పడలేదు. ఇలాంటి మనిషికి ఉద్యోగం ఇచ్చేవాడు లేడు. ఆమెకి మొహం చెల్లలేదు.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు? పదిమందికీ చెప్పి మమ్మల్ని నిలదియ్యాల్సింది."

"చెప్తే ఏమొస్తది మేడం? వాళ్ళు గీ పట్టీ చూసుకునే రాత్రి నిమ్మలంగ పంటున్నరు."

"మరి మీరు? ఎండలో ఎస్.ఆర్. నగర్ నుంచి నడిచొచ్చి రోజూ చూడ్డం ఎందుకు?"

అతను రోడ్డు వైపు చూశాడు.

"మా ఆమె పూజ రోజూ మాపటికి ఫోన్ చేస్తది. ఇయ్యాల ఎంతకొచ్చింది అని అడుగుతది. నా నోట్లెకెళ్ళి అబద్ధం రాదు మేడం. తెర మీద ఉన్నది చదివి చెప్తే అబద్ధం గాదు గద."

హైందవి చేతిలో టీ చల్లారిపోయింది. గ్లాసు అక్కడే వదిలేసి, "వద్దండీ, ఇంక చాలు. ఇప్పుడే పైకెళ్ళి దాన్ని తీసేస్తాను," అంటూ మెట్ల వైపు తిరిగింది.

ఓంప్రకాష్ కంగారుగా అడ్డం వచ్చాడు. మూడు నెలల్లో మొదటిసారి అతని మొహంలో నవ్వు లేదు.

"తియ్యకుండ్రి మేడం! మా ఆమెకు ఇంక రెండు నెలల్ల కాన్పు... గప్పటిదాంక జర మెల్లగ నడిపియ్యుండ్రి."