రాలని ఆకులు

“నీ పని అయిపోయింది తమ్మీ. పైకి చూడు, ఒక్క ఆకన్న ఉన్నదా?” అన్నాడు మాలి రాజన్న, కుండీలకు నీళ్ళు పోసి డబ్బా కింద పెడుతూ.

దుర్గయ్య తలెత్తి చూశాడు. శాలిబండలోని ఆ పాత దేవిడీ సర్కారు దఫ్తరుగా మారినా, చెట్లు మాత్రం నవాబుల నాటివే మిగిలాయి. భవంతి ముందున్న చమన్ నిండా పచ్చిక, దాని చుట్టూ నలభై బాదం చెట్లు. ఇప్పుడవి నలభై మోడులు. కొమ్మల చివర గోరంత చిగురు తప్ప ఏమీ లేదు.

“సాబ్ రేపు పొద్దుగాల్నే వస్తుండంట. నిన్ను తీస్కున్నదే ఆకులు రాలినన్నొద్దులు. రాలుడు బందైతే కచ్చా నౌకరీ గూడ బందే గద.”

“అర్ర గూడ ఖాళీ చెయ్యాల్నా అన్నా?”

“నౌకరీ లేనోనికి సర్కారు అర్ర ఎట్ల ఇస్తది?” రాజన్న తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “రేపు నేను ఎరువుకు చాంద్రాయణగుట్ట దిక్కు పోతున్న. నువ్వే సాబ్ తోని మాట్లాడుకో.”

మూడు నెలలుగా దుర్గయ్య ఆ ఆకుల్ని తిట్టని పూట లేదు. ముందు ఊడుస్తుంటే వెనక నిండేవి. మధ్యాహ్నం కుప్ప చేసినవి సాయంత్రం గాలికి మళ్ళీ పచ్చికంతా పరుచుకునేవి. అరచేతులు బొబ్బలెక్కి, నడుం పట్టేసి, ఈ చెట్లకు తెగులు రాను అని శపించేవాడు. ఇప్పుడు అవే చెట్ల కింద నిలబడి, ఇంకో నెల రాల్చండి తల్లీ అని మొక్కుతున్నాడు. పేదవాడి బతుకు ఎంత సిగ్గుమాలిందో చూడండి.

గుర్రాల సావిడి పక్కనున్న అర్రలో లీలమ్మ పన్నెండు రోజుల బాలింత. సంగతి విని బిడ్డను దగ్గరికి పొదువుకుంది.

“ఏడికి పోదామయ్యా, ఈ పసిగుడ్డునేస్కొని?” అంది పొడి గొంతుతో. ఏడ్చినా బాగుండేది. దుర్గయ్య బయటికి వచ్చి ప్రహరీ గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

అప్పుడు కనబడింది గోడ అవతల. వారసులు తగవులాడుకొని తాళం వేసిన పక్క దేవిడీ. అక్కడా బాదం చెట్లే. మూడు నెలల ఆకు ఊడ్చే దిక్కు లేక మోకాలి లోతు పడి ఉంది.

తెలతెలవారుతుండగా గోనెసంచి పట్టుకొని గోడ దూకాడు. సంచి నింపడం, గోడ మీంచి ఇటు విసరడం, తాను దూకి వచ్చి చమన్ మీద చల్లడం. పొలంలో విత్తనం చల్లే మనిషి కూడా అంత శ్రద్ధగా చల్లడు. లీలమ్మ బిడ్డను రొమ్ముకు ఆన్చుకొని గడపలోంచి చూస్తోంది.

“గిదేం పనయ్యా? ఎత్తి పోసేటోనివి, తెచ్చి పోస్తవా?”

“ఊకో. ఇంకో నెల బతుకుతం.”

ఇరవై సంచులయ్యేసరికి పచ్చిక కనబడకుండా పోయింది. దుర్గయ్య చెమట తుడుచుకొని, చీపురు పట్టుకొని ఒక మూల నిలబడ్డాడు.

ఎవరూ రాకముందే, ఏడున్నరకు రంగనాథ్ సాబ్ రిక్షా దిగాడు. ఆ దఫ్తరుకు ఆయనే పెద్ద. పది రోజులుగా మూసీ అవతలి పెద్ద దఫ్తరు చుట్టూ తిరిగి ఇవాళే ఇటు వచ్చాడు. చమన్ చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు.

“సలాం సాబ్! ఏం రాలుడు సాబ్ ఇది, ఆగుతనే లేదు! ఇంకో నెల ఎటూ రాల్తది.”

రంగనాథ్ ఆకుల వంక చూశాడు. తర్వాత నిదానంగా తలెత్తి చెట్ల వంక చూశాడు. ఇరవై సంచులు మోసినవాడికి, సాబ్ పైకి చూస్తాడన్న సంగతి మాత్రం తోచలేదు.

“చెట్లు మోడై ఎన్నొద్దులాయె?”

“వారం... వారం దాటింది సాబ్.”

“అంటే ఇవన్నీ వారం కిందటి ఆకులు. నేనుంటే అంత సాఫ్ ఊడ్చెటోనివి, నేను అటు పోంగనే చీపురు మూలకు పెట్టినవ్!”

“లే సాబ్! కాల్మొక్త, దినాం ఊడ్చిన. నిన్న మాపటికి చమన్ అద్దం లెక్క ఉండె.”

“మరి ఇవి యాడికెల్లి వచ్చినయ్?”

ఇంక దాచే ఓపిక దుర్గయ్యకు లేదు. ఆకుల్లోనే కూలబడ్డాడు. “నేనే తెచ్చి పోసిన సాబ్. గోడ అవతలికెల్లి, సంచులల్ల. ఆకులు లేకుంటే నౌకరీ పోతదని...”

“నిజమే సాబ్,” అంది గడపలోంచి లీలమ్మ. “నా బిడ్డ మీద ఒట్టు. నా కండ్లతోని సూసిన.”

మొగుడూ పెళ్ళామూ ఉన్నదున్నట్టు చెప్పారు. రంగనాథ్ ముఖం మాత్రం ఇంకా చిన్నబోయింది. తాను ఇంతగా నమ్మిన మనిషి ఇంత మోసం చేశాడే అన్న బాధ ఆయనది.

“ఊడ్చేటోడు ఎక్కడన్న ఆకులు తెచ్చి పోస్తడా దుర్గయ్యా? ఝూట్ చెప్పేది జర నమ్మేటట్టన్న చెప్పరాదూ? దానికి పసిబిడ్డ మీద ఒట్టొకటి!”

ఆయన కోటు జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. తనను తీసేసిన కాగితమేనని దుర్గయ్య కళ్ళు మూసుకున్నాడు. కాగితం చినిగిన చప్పుడుకు తెరిచి చూశాడు.

“పది దినాలు పెద్ద దఫ్తర్ల అందరి కాళ్ళావేళ్ళా పడి తెచ్చిన హుకుం ఇది,” అన్నాడు రంగనాథ్, ముక్కల్ని ఆకుల మీద వదిలేస్తూ. “ఆకులు రాలినా రాలకున్నా నీ నౌకరీ పక్కా అని.”