రాణి భూమిక ధైర్యం

కల్లంలో ఉడికించి ఆరబోసిన పసుపుకు ఆ రాత్రి వినోదే కావలి. భర్త మనీష్ మొదటి లోడుతో ఆర్మూర్ మార్కెట్‌కు పోయాడు. పక్కనే గోనెసంచుల మీద ఐదేళ్ల భూమిక, నిద్రలో కూడా తల్లి కొంగు వదలకుండా పడుకుంది. చీకటన్నా, తల్లిని వదిలి ఉండడమన్నా దానికి అంత భయం. జూన్‌లో బడికి ఎట్లా పంపాలా అన్నదే వినోద దిగులు.

నిద్ర ఆపుకోవడానికి ఫోన్‌లో రోజూ ఆడే ఆట తెరిచింది. పాతకాలపు కోట, అందులో ఒక చిన్నారి రాణి. ఆ రాణికి బిడ్డ పేరే పెట్టుకుంది. ఎనిమిదో తరగతితోనే బడి మానేసిన వినోద, రాణికి మాత్రం కత్తిసాము, గుర్రపుస్వారీ, రాజనీతి ఒక్కొక్కటే నేర్పించింది.

మనీష్ ఫోన్ చేశాడు. "ఫోన్ల రాణికి మస్తు చదువు చెప్తున్నవ్. మన బిడ్డకు జర ధైర్యం నేర్పరాదు!"

"గదే నేర్పుతున్న, ఉండు," అని నవ్వి, ఫోన్ పెట్టేశాక రాణి ధైర్యాన్ని చివరి మెట్టు దాకా పెంచింది.

కొంగు వదులైంది.

భూమిక లేచి, ఎండిన పసుపు కొమ్ముల మీద గలగలమని నడిచిపోతోంది. బల్బు వెలుగు కూడా దాటింది.

"ఏడికే బిడ్డా? చీకటున్నది!"

భూమిక ఆగింది. గలగల ఆగలేదు. కల్లం అవతలి అంచున పసుపు మీద ఇంకెవరో నడుస్తున్నారు. ఒకరు కాదు, చాలామంది.

"నువ్వు పండుకో అమ్మా. గాళ్లు నా కోసమే వచ్చిండ్రు."

వినోద పరుగెత్తి బిడ్డ చెయ్యి పట్టుకుంది. వెలుగులోకి లాగింది, భూమిక కదల్లేదు. అడుగులు దగ్గరికొచ్చాయి.

"గీమె మా అమ్మ. ఏమనకున్రి," అంది భూమిక చీకటితో.

రాణి ఆజ్ఞ విన్న సైన్యంలా అడుగుల చప్పుడు ఆగిపోయింది. వెనక్కి మాత్రం మళ్లలేదు.