రాణి, ఆరు, నాలుగు

“జాకితో ముందుకెళ్తావటే? నీకెన్నిసార్లు చెప్పాలి?” అంటూ కమలాదేవి బల్లమీది రెండు శనగలనూ తనవైపు లాగేసుకుంది.

సుభాషిణి తన మూడు ముక్కల వంక మరోసారి చూసుకుంది. జాకి, తొమ్మిది, రెండు. అటువైపు రాజుంది. దింపుడుకల్లం ఆశతో పెట్టిన రెండో శనగ కూడా పోయింది.

ఖతార్ దేశంలో అల్ హిలాల్‌లోని సుభాషిణి పనిచేసే ఆ విల్లాలో, కమలాదేవి కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్ళి, మధ్యాహ్నం గిన్నెలు సర్దడం అయ్యాక రోజూ ఇదే ఆట. కమలాదేవికి మోకాళ్ళు పనిచెయ్యవు గానీ నోరు మాత్రం నలుగురి పెట్టు. కొడుకు భరణి ఓసారి సింగపూరు తీసుకెళ్ళి కాసినో చూపించాడు. అప్పటినుంచి ఆవిడకు మూడు ముక్కల పిచ్చి పట్టుకుంది. ఖతార్‌లో పందెం కాస్తే జైలు. అందుకే శనగలు.

శనగలే గదా అని తీసిపారెయ్యడానికి లేదు. సుభాషిణి ఊరికి పోవడం వాటిమీదే ఆధారపడి ఉంది. మూడు నెలల కిందట రాయచోటి దగ్గరి పల్లెలో ఆమె తల్లి హనుమక్క పక్షవాతంతో పడిపోయిందని తమ్ముడు తిరుపాలు ఫోన్ చేశాడు. సుభాషిణి ఏడుస్తూ కమలాదేవి కాళ్ళమీద పడింది. కాంట్రాక్టు ఇంకో ఏడాది ఉంది, పాస్‌పోర్టు ఆవిడ బీరువాలో ఉంది. కమలాదేవి కసురుకోలేదు. పైపెచ్చు లేవదీసి, ఎదురుగా కూర్చోబెట్టి పేక తీసింది. వారానికి ఇరవై శనగలు ఇస్తానంది. గురువారంలోగా వాటిని నలభై చేస్తే మర్నాడే విమానం ఎక్కిస్తాను, చెయ్యలేకపోతే మళ్ళీ ఇరవైతో మొదలుపెట్టు అంది. గతిలేని మనిషి కాబట్టి సుభాషిణి ఒప్పుకుంది.

ఆట తేలికే. ఒక శనగ పెట్టి ముక్కలు చూసుకోవాలి. బాగుంటే మరొకటి పెట్టి తలపడాలి, లేకపోతే మొదటిది వదులుకోవాలి. పంచేది ఎప్పుడూ కమలాదేవే. ఆవిడకు కనీసం రాణి అయినా పడకపోతే ఒక్క శనగ ఇచ్చి తప్పుకోవచ్చు.

“రాణి, ఆరు, నాలుగు. అంతకు మించితే వెళ్ళు, పిసరు తక్కువైనా పడెయ్. కాసినోలో ఆరితేరినవాళ్ళ లెక్క ఇదే,” అంది కమలాదేవి.

“అట్ల ఆడితే గెలుస్తానా అమ్మగారూ?”

“గెలుస్తావని కాదు. నిదానంగా ఓడతావు.”

అని నవ్వింది. సుభాషిణి కూడా నవ్వింది, నవ్వకపోతే ఏమనుకుంటుందోనని. ఆ రోజు నుంచీ రాణి, ఆరు, నాలుగు అన్నది ఆమెకు మంత్రమైపోయింది.

సుభాషిణి ఫోన్ బకెట్టులో పడి చెడిపోయి చాలా రోజులైంది. కొత్తది కొనిస్తామన్నారు, కొనలేదు. శుక్రవారం శుక్రవారం కమలాదేవే తన ఫోన్ కలిపి ఇచ్చేది. తల్లికి మూతి వంకరపోయి మాట పడిపోయిందనీ, వినడం మాత్రం వింటుందనీ తిరుపాలు చెప్పేవాడు. “ఇదో, అమ్మ చెవికాడ పెడతాండా. మాట్లాడుక్కా,” అనేవాడు. అటునుంచి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

“మా, నేను వస్తాండా. ఇంగ రొన్నాళ్ళు ఓర్చుకో మా. నేనొచ్చి నీళ్ళు పోస్తా, తల దువ్వుతా,” అని సుభాషిణి ఆ చప్పుడుతోనే చెప్పుకునేది. తల్లి వింటోందన్న ధైర్యంతోనే మళ్ళీ వారమంతా బట్టలు ఉతికేది, ఆవిడ మోకాళ్ళకు నూనె రుద్దేది, ఆటకు కూర్చునేది.

ఒక వారం ముప్పైఏడు దాకా వచ్చి, గురువారం సాయంత్రానికి పదకొండుకు పడిపోయింది. ఆ రోజు స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చింది. అయినా లెక్క తప్పలేదు. చెత్త ముక్కలు వస్తే మారు ఆలోచించకుండా పడేసింది.

ఈ గురువారం ఆమె దగ్గర ముప్పైఆరు ఉన్నాయి. కమలాదేవి మూడుసార్లు పంచింది. మూడుసార్లూ సుభాషిణి రెండో శనగ పెట్టింది. మూడుసార్లూ ఆవిడ “రాణి పడలేదే” అంటూ తన ముక్కలు బోర్లా పడేసి ఒక్కో శనగ ఇచ్చుకుంది. ముప్పైతొమ్మిది.

నాలుగోసారి వచ్చినవి రాణి, ఆరు, అయిదు. లెక్క వెళ్ళమంటోంది, గుండె వద్దంటోంది. గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని శనగ ముందుకు తోసింది.

“ఇప్పుడూ పడలేదు. నీ అదృష్టం పండిందే,” అంది కమలాదేవి.

మాట తప్పని మనిషి. అప్పటికప్పుడే బీరువా తెరిపించి పాస్‌పోర్టు చేతిలో పెట్టింది. ఇంత మంచి మనిషిని ఇన్నాళ్ళూ లోలోపల తిట్టుకున్నందుకు సుభాషిణికి సిగ్గేసింది. సాయంత్రం భరణి ఆమెను అల్ ముంతజా బజారుకు తీసుకెళ్ళాడు. అక్కడి మందుల షాపులో ఆమె దాచుకున్న రియాళ్ళన్నీ పోసి, పడకపుండ్లు పడకుండా వేసే గాలిపరుపు కొంది. దాన్ని ఎలా ఊదాలో షాపువాడిచేత రెండుసార్లు చూపించుకుంది. భరణి ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

శుక్రవారం పొద్దున పెట్టె కారెక్కింది. గాలిపరుపు డబ్బాను మాత్రం పెట్టెతో పంపకుండా చంకలోనే పెట్టుకుంది. భరణి హారన్ కొడుతున్నా, కమలాదేవి కాళ్ళకు ఒక్కసారి మొక్కిపోదామని లోపలికి పరుగెత్తింది.

కమలాదేవి కిటికీవైపు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతోంది.

“కొత్త పనిమనిషి రేపు దిగుతోంది తిరుపాలూ, మీ అమ్మ పోయి మూడు నెలలైందని ఇక మీ అక్కకు చెప్పెయ్.”