మరుగుదొడ్డికి ఒక పేరు

రిబ్బన్ చైర్మన్ మీద పెయింటర్‌కు పన్నెండేళ్ల కక్ష. ఎందుకో చైర్మన్‌కు గుర్తు లేదు. పెయింటర్‌కు అసలు మంట అదే.

"మెయిన్ రోడ్డు మూల మరుగుదొడ్లు. ఎవరైనా పాడతారా?" కమిషనర్ మళ్లీ అడిగాడు.

మున్సిపల్ హాల్లో వేలం నడుస్తోంది. పైనుంచి వచ్చే నిధులు సగానికి సగం కోసేశాక, మున్సిపాలిటీ కూడా వ్యాపారం చేసి బతకాల్సిందేనని కొత్త కమిషనర్ పెట్టిన వేలం అది. డబ్బు కట్టినవాళ్లు ఊరి ఆస్తికి పదేళ్లపాటు తమకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. పార్కును పోయిన నెలే సిమెంటు కంపెనీ పాడుకుంది. బస్టాండును పళ్లపొడివాళ్లు ఎగరేసుకుపోయారు. బోర్డు మీద రెండు వరుసలు. పైన పేరు, కింద ఆ పేరు గొప్ప చెప్పే ఒక్క వాక్యం. పార్కు బోర్డు కింద 'వందేళ్లయినా చెక్కుచెదరదు' అని రాసింది పెయింటరే. మరుగుదొడ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు.

"నేను పాడతా," అన్నాడు పెయింటర్, వెనక గోడ దగ్గర్నుంచి.

హాలు గొల్లుమంది.

"నువ్వా? బ్రష్షులు కడుక్కోడానికా?" అన్నాడు చైర్మన్. ఊళ్లో కొత్త కుళాయి పెట్టినా దానికో రిబ్బను కట్టించి కత్తిరించే మనిషి. ఆ మరుగుదొడ్లూ ఆయన ఘనకార్యమే. ఇళ్లు పడగొట్టి రోడ్డు వెడల్పు చేశాక మిగిలిన ముక్కలో కట్టించాడు.

"ఏ పేరైనా పెట్టుకోవచ్చా సార్?" పెయింటర్ కమిషనర్నే అడిగాడు.

"బూతు కాకపోతే చాలు."

"పోయినవాళ్ల పేరైనా?"

"ఏదైనా అన్నాగా!" బేరం జారిపోతుందేమోనని కమిషనర్ గబుక్కున సుత్తి కొట్టేశాడు.

చైర్మన్ నవ్వు సగంలో ఆగింది. ఆయన తండ్రి పోయి ఏడాది కూడా కాలేదు.

*

"మోపెడ్ అమ్మి మరుగుదొడ్డికి పేరు కొన్నావా?" పెయింటర్ భార్య నడుం మీద చేతులు పెట్టుకుంది. "పేరు లేకపోతే జనానికి రాదా ఏంటి?"

పెయింటర్‌కు నవ్వొచ్చింది. రేకు మీద తెల్లరంగు పూస్తూ ఉండిపోయాడు.

"చైర్మన్ ఎలక్షన్లప్పుడు గోడలు రాయించుకుని డబ్బులు ఎగ్గొట్టాడని, వాళ్ల నాయన పేరు రాసి పరువు తీస్తావంట. ఊరంతా అదే అంటోంది. అయినా ఇన్నేళ్లూ ఆ రోడ్డు మూల వైపు తలైనా తిప్పనివాడివి, ఇప్పుడేం పుట్టిందయ్యా నీకు? ఏం పేరో నాకన్నా చెప్పు."

"చెబితే ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నా చెయ్యి వణుకుతుంది. అక్షరం పోతుంది."

ఆమె రంగు డబ్బా మూత తీసి అతని పక్కన పెట్టింది.

*

గోనెపట్టా కప్పిన బోర్డును గుమ్మం మీద బిగించి, పెయింటర్ నిచ్చెన దిగాడు. మరుగుదొడ్ల వెనకున్న జామచెట్టు దగ్గరికి వెళ్లి, ఒక కాయ కోసి, చొక్కాకు తుడిచి కొరికాడు.

"ఛీ ఛీ! అది మరుగుదొడ్డి చెట్టు," అన్నాడు కాపలాదారు. "కాకులు తప్ప మనుషులు ముట్టుకోరు."

"వాళ్లకేం తెలుసు? ఈ చెట్టు కాయ తియ్యన."

అప్పుడే కమిషనర్‌తో పాటు వచ్చిన చైర్మన్ కారు దిగి అతణ్ని పక్కకు లాక్కెళ్లాడు.

"గోడరాతల బాకీయేగా? ఇదిగో, ఇప్పుడే తీసుకో."

"మీ దగ్గరే ఉంచుకోండి."

"పోనీ లైబ్రరీ ఇప్పిస్తా, ఇదే ధరకి. పరువుగా ఉంటుంది."

"నాకు ఈ చోటే కావాలి."

"మరుగుదొడ్డి మీద అంత మోజేంట్రా?"

"మీకు లేదా మోజు? ఏరికోరి ఇక్కడే కట్టించారుగా."

చైర్మన్ ముఖం ఎర్రబడింది. "ఆ పట్టా కింద మా నాయన పేరు గాని ఉందో, ఇక మున్సిపాలిటీ పని నీకు కల. చెత్తబండి మీద నంబరు కూడా రాయించను!"

"రాయించకండి. నేను రాయాల్సింది రాసేశా."

చైర్మన్ కమిషనర్ వైపు తిరిగాడు. "ఆపండయ్యా దీన్ని!"

"రసీదు ఇచ్చేశాం సార్," కమిషనర్ గొంతు తగ్గించాడు. "ఇతనిది రద్దు చేస్తే సిమెంటువాళ్లూ మనం మాట తప్పామని డబ్బు వెనక్కి అడుగుతారు. ఈ నెల జీతాలు అందులోంచే."

అప్పటికే జనం మూగారు. పట్టా కింద ఏముందో చూసి గాని కదిలేలా లేరు.

"మీరే తియ్యండి చైర్మన్ గారూ," అన్నాడు పెయింటర్. "ఇక్కడ రిబ్బను కోసిందీ మీరే."

చైర్మన్ పళ్లు కొరుకుతూ గోనెపట్టా కొస పట్టుకుని లాగాడు. అది సగం జారి మేకుకు పట్టుకుంది. నీలిరంగులో, మూరెడు అక్షరాలు బయటపడ్డాయి. 'మిషనమ్మ'.

"ఎవరీ మిషనమ్మ?"

"మా అమ్మ. మిషను కుట్టేది."

చైర్మన్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓరి నీ తెలివి తెల్లారా! మోపెడ్ అమ్ముకుని మరీ కన్నతల్లి పేరు మరుగుదొడ్డికి తగిలించావా? చూశారటయ్యా మాతృభక్తి! ఆవిడ ఏ లోకాన ఉందో గాని, సిగ్గుతో ఇంకోసారి చస్తుంది."

జనం కూడా నవ్వారు. కాపలాదారైతే గోడకు చేరగిలబడిపోయాడు. జనంలో ఉన్న పెయింటర్ భార్య మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

పెయింటర్ నిచ్చెనెక్కి, మేకుకు చిక్కిన పట్టాను పీకేశాడు.

"కింద వరుస కూడా ఉంది. గట్టిగా చదవండి, మీ గొంతైతే అందరికీ వినపడుతుంది."

చైర్మన్ కళ్లు తుడుచుకుని, నవ్వుతూనే, ఊరంతా వినేలా చదివాడు.

"మీరు నిలబడ్డది ఆమె మూడున్నర సెంట్ల ఇంట్లో."