పసుపు పట్టీ

ఆదివారం పొద్దున ఆరుంపావుకు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింద పదకొండు సైకిళ్లు చేరాయి. ఆషాఢం గాలి. ఎవరిదో హెల్మెట్ సీటు మీంచి జారి రోడ్డంతా దొర్లుకుంటూ పోతే అందరూ నవ్వారు.

వర్షిత నవ్వలేదు. ఆమె కళ్లు కెప్టెన్ రవికిరణ్ మీదే ఉన్నాయి. వచ్చే ఆదివారం వంద కిలోమీటర్ల రైడ్‌కు ఎవరెవర్ని తీసుకెళ్లేదీ ఇవాళ నార్సింగిలో చాయ్ దగ్గర చెప్తానన్నాడు. డెంగీతో రెండు నెలలు మంచాన పడ్డాక వర్షితకు ఇదే మొదటి రైడ్. ఆ వంద తొక్కితే తప్ప తను మళ్లీ మునుపటి మనిషినయ్యానని ఆమెకు నమ్మకం కుదరదు.

రవికిరణ్ నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. జేబులోంచి పసుపు పట్టీ తీసి ఆమె చేతికి కట్టాడు.

వర్షిత మొహం వాడిపోయింది. ఆ పట్టీ ఉన్నవాళ్లు అందరికంటే వెనక రావాలి. ముందున్న మనిషిని దాటకూడదు. ఎవరూ వెనకబడి తప్పిపోకుండా చూసుకోవాలి. క్లబ్బులో పట్టీని కాదన్నవాళ్లు ఇంతవరకు లేరు.

"నా ముందు ఎవరు?"

"భూలక్ష్మక్క."

భూలక్ష్మికి యాభై దాటాయి. గోపన్‌పల్లి మనిషి. గేర్లు లేని సైకిలు, ముందు బుట్ట, బుట్టలో స్టీలు డబ్బా. చున్నీ నడుముకు బిగించి కట్టింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, మెల్లగ పోదం," అంది.

మెల్లగా పోవడమే వర్షిత ఫికరు.

గచ్చిబౌలి దాకా అందరూ కనిపించారు. ఆ తర్వాత మిగతా తొమ్మిది మందీ చిన్నచిన్న చుక్కలై, మలుపు తిరిగి మాయమయ్యారు. అద్దాల బిల్డింగుల మధ్య నుంచి గాలి ఎదురు కొట్టింది. కడుతున్న టవర్లకు చుట్టిన ఆకుపచ్చ వలలు చిరిగి టపటపలాడుతున్నాయి. భూలక్ష్మి వీపు మాత్రం వర్షిత కళ్లముందు అదే దూరంలో, అదే నెమ్మదితో కదులుతోంది.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ సిగ్నల్ దాటగానే ఆ వీపు ఆగింది.

"దూపైతుంది. నువ్వు గూడ తాగు."

తాగింది. ఎలాగూ ఆగారు కదా.

ఇంకో రెండు కిలోమీటర్లకు చున్నీ వదులైందట. విప్పి, దులిపి, మళ్లీ కట్టుకోవడానికి ఐదు నిమిషాలు. ఆ తర్వాత ఫోను. మోగినట్టు వర్షితకైతే వినిపించలేదు.

"మా యాదయ్య," అంది భూలక్ష్మి, ఫోన్ బుట్టలో పడేస్తూ. "పాలు పొంగినయంట. పొయ్యి బందు చెయ్యిమని నేను ఈడికెళ్లి చెప్పాలె."

వర్షిత గడియారం చూసుకుంది. ఏడున్నర.

ఓర్పు చాలక ఒకసారి పక్కకు తప్పుకొని ముందుకు వచ్చింది. దాటడానికి కాదు, కాస్త త్వరగా రమ్మని చెప్పడానికి. సరిగ్గా అప్పుడే గాలి విసురు పెరిగినట్టుంది. సైకిలు ఫుట్‌పాత్ వైపు కొట్టుకుపోయింది. కళ్లనిండా దుమ్ము. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది. మళ్లీ వెనక్కి చేరాక గాని ఊపిరి ఆడలేదు.

మెల్లగా తొక్కితేనే కాళ్లు ఎక్కువ నొస్తాయని ఎక్కడో చదివింది. నిజమేననిపించింది. తొడలు రాళ్లయ్యాయి. ఇంత మెల్లగా వస్తున్న మనిషి ఇక వందకు పనికొస్తుందని ఎవరు నమ్ముతారు? ముందుకు పోవడానికి లేదు. వదిలేసి పోవడానికీ లేదు. గట్టిగా ఓ మాట అందామంటే పెద్దావిడ.

కోకాపేట ఎత్తు దగ్గర భూలక్ష్మి నాలుగోసారి దిగింది. స్టీలు డబ్బా మూత తీసింది. ఖర్జూరాలు.

"ఆకలైతుంది బిడ్డా. రెండు తీసుకో."

వర్షితకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నాలుగు తినేసింది.

నార్సింగి చేరేసరికి ఎనిమిదీ ఇరవై. అందరూ రెండో చాయ్‌లో ఉన్నారు. రవికిరణ్ చేతిలో ఫోన్, ఫోన్‌లో పేర్లు. అతను నోరు తెరవకముందే తనే చెప్పేయాలనుకుంది వర్షిత.

"నా వల్ల లేటవలేదు కెప్టెన్. నాలుగుసార్లు ఆగాం. నాలుగుసార్లూ ఆంటీ కోసమే. పట్టీ కట్టారు కాబట్టి దాటడానికి లేదు, నేనేం చెయ్యను?" భూలక్ష్మి పక్కనే ఉంది. అయినా ఆపలేకపోయింది. "ఆంటీ ఏమీ అనుకోవద్దు. వందకు మాత్రం ఆమెను తీసుకెళ్లకండి. ఆమె వల్ల కాదు."

గుంపులోని నరేందర్ చాయ్‌లో ముంచిన బిస్కెట్టు తీయడం మరిచిపోయాడు. అది విరిగి గ్లాసులో మునిగింది.

భూలక్ష్మి సైకిలుకు స్టాండు వేసి, డబ్బాలో మిగిలిన ఒక్క ఖర్జూరాన్నీ వర్షిత చేతిలో పెట్టింది.

రవికిరణ్ భూలక్ష్మి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పక్కా, పట్టీ కట్టుకున్నోళ్ల ముంగట గాలికి అడ్డం పోయేది ఎప్పుడూ నువ్వే కద, ఈ పిల్ల వంద తట్టుకుంటదా?"